సుమతి వేసిన కచ్చా కుట్లు

2011 సంగతి. సూర్యాపేట కూరగాయల మార్కెట్ వెనక నాది లేడీస్ టైలర్ షాపు. అప్పటికి పంతొమ్మిదేండ్ల అనుభవం, అంతకు రెండింతల పొగరు. మిర్యాలగూడ రైస్ మిల్లు వాళ్ల బిడ్డ సుమతి హైదరాబాదులో పేరున్న డిజైనర్. శాంపిళ్లు నాతోనే కుట్టించేది. ఆ పిల్ల జబ్బు చేసి చనిపోయిన ఏడాదికి, అక్కడి ఒక మ్యూజియం వాళ్లు ఆమె డిజైన్ చేసిన బట్టలతో ఎగ్జిబిషన్ పెట్టాలనుకున్నరు. వాళ్లమ్మ అనసూయమ్మ పన్నెండు జతలు తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

"లక్ష్మీ, ఇవి బొమ్మలకు తొడుగుతరట. ఇస్త్రీ చేసి, గుండీలు గిట్ల ఊడితే కుట్టియ్యి. నా బిడ్డ పేరు నీ చేతుల్ల ఉన్నది" అన్నది.

అందుల ఒక పచ్చ ఇక్కత్ కోటు నిండ తెల్లదారం కచ్చా కుట్లు. కచ్చా కుట్టంటే మిషన్ ఎక్కించే ముందు గుడ్డ జరగకుంట చేత్తో వేసే పొడుగు కుట్టు. పక్కా కుట్టు పడ్డంక దాన్ని పీకేస్తం. అది బయటికి కనపడితే గిరాకీ ముంగట టైలర్ ఇజ్జత్ పోయినట్టే. ఇగ నేనేం ఆలోచించలే. మిషన్ మీద పక్కాగ కుట్టి, తెల్లదారమంత పీకి చెత్తబుట్టల పడేసిన. పైగ మంచి పని చేసిన అని మురిసిన కూడ.

ఎగ్జిబిషన్ మొదలైన రోజు అనసూయమ్మ నన్ను తన కార్ల తీస్కపోయింది. ఆమె ఒక్కొక్క బొమ్మ దగ్గర ఆగి కండ్లు తుడుసుకుంటున్నది. నేను నా పనితనం సూసుకుందమని ముందుకు పోయిన. చివర్ల పచ్చ కోటు. పక్కన అట్ట మీద రాసున్నది: 'సుమతి చివరి పని. పూర్తి కాలేదు. ఈ తెల్లదారం కుట్లు ఆమె చేత్తో వేసినవి.'

పాత ఫోటో సూసి రాసినట్టున్నరు. కోటు మీద తెల్లపోగు ఒక్కటి లేదు.

వెనక్కి సూస్తే అనసూయమ్మ ఇంకా నాలుగు బొమ్మల అవతల ఉన్నది. చెప్పాల్నా? ఏడ్చి ఏడ్చి ఆమెకు కండ్లు సరిగ కనపడుతలేవు, చెప్పకుంటే ఏం తెలుస్తది? ఛీ, ఏం బుద్ధే నాది! మూడు బొమ్మలు. రెండు. ఇగ ఉండబట్టక ఎదురుపోయి ఆమె చెయ్యి పట్టుకున్న.

"అమ్మా, తప్పు చేసిన. ఆ పచ్చ కోటు కచ్చా కుట్లు పీకేసిన."

"అన్నీనా?"

"అన్నీ."

"దారం?"

"చెత్తల పడేసిన."

ఆమె పక్కనున్న బెంచీ మీద కూలబడ్డది. "దవాఖాన మంచం మీద కూసోని వేసిందే అవి. దానికి చేతులు వణుకుతుంటే సూదిల దారం నేనే ఎక్కించిచ్చిన."

నాకు ఏడుపాగలే. "ఇప్పుడే మళ్ల వేస్తమ్మా. అచ్చం అట్లనే వేస్త. ఎవ్వరికీ తెల్వదు."

"నాకు తెలుస్తది లక్ష్మీ" అన్నది.

లేచి, పచ్చ కోటు దగ్గరికి పోయి ఆ అట్ట సదివి, మ్యూజియం అమ్మాయిని పిలిచి, "ఆ అట్ట తీసెయ్యి బిడ్డా, ఆ కుట్లు ఇప్పుడు లేవు" అన్నది. ఎవరు పీకిన్రో చెప్పలే. వాపసు వచ్చేటప్పుడు కూడ నన్ను ఒక్క మాట అనలే. నాలుగు తిట్టినా బాగుండేది.

ఆ తర్వాత పోయినోళ్ల బట్టలు ఎవరన్న తెస్తే, కత్తెర పక్కకు పెట్టి ముందు ఒకటే అడుగుత: "ఇందుల ఏది ముట్టొద్దో చెప్పున్రి."