జాజు కింద ఎరుపు

ఆ రోజు నేను ఆ కాలు కడగలేదు. నా తప్పు అదే.

డెబ్బైలలో నేను డాక్టరుగా బాన్సువాడలో దవాఖాన తెరిచిన కొత్త. వరినాట్లు జోరు మీదున్నాయి. తండా నుంచి ఒకతను తల్లిని ఎడ్లబండిలో తెచ్చాడు. ఆమె కాలికి మోకాలు దాటేదాకా ఎర్రమట్టి జాజు పూసి ఉంది. సర్పి పొక్కులు లేచాయంటే మా వైపు ముందు కుమ్మరి దగ్గరికి పోయి జాజు పూయించుకుంటారు. కడిగి చూద్దామని చెంబు అందుకున్నాను.

"వద్దు సారూ. కడిగితే సర్పి నెత్తికెక్కుతదన్నడు కుమ్మరాయన," అన్నాడు కొడుకు.

బయట జనం కిక్కిరిసి ఉన్నారు. అతని మాట నాకు సాకుగా పనికొచ్చింది. జాజు పైనే చేయి వేసి చూశాను. ఆమె వణుకుతోంది.

"నీ చెయ్యి సల్లగుంది కొడుకా. జరసేపు గట్లనే ఉంచు," అంది ఆమె నాతో.

నవ్వి చేయి తీసేశాను. వణుకు బురదనీళ్ల చలి అనుకున్నాను. పూతమందు ఇచ్చి పంపాను.

సాయంత్రం చేతులు కడుగుతుంటే గోళ్లలోంచి ఎర్రనీళ్లు కారాయి. అప్పుడు ఆమె మాట గుర్తొచ్చింది. చల్లగా ఉన్నది నా చేయి కాదు, కాలిపోతున్నది ఆమె కాలు. సర్పి పొక్కులు ఒక పట్టీలా లేస్తాయి. కాలంతా ఉబ్బదు, అంత వణుకు రాదు.

సూది, పెన్సిలిన్ సంచిలో వేసుకుని కాలువ గట్టు మీద సైకిల్ తొక్కాను. తండాలో ఆమె ఎవరినీ గుర్తుపట్టడం లేదు. కొడుకు ఈసారి అడ్డం చెప్పలేదు. కడుగుతుంటే జాజు పోయింది, ఎరుపు పోలేదు. చర్మం బిగిసి మెరుస్తోంది. వేళ్ల సందున నాట్లేసేటప్పుడు తెగిన చిన్న గాయం; విషం అక్కడి నుంచే ఎక్కింది. ఎరుపు అంచు తొడ మీదికి పాకింది. సూది వేసి, ఇంకా పాకుతోందేమో తెలియడానికి ఆ అంచు వెంట పెన్నుతో గీత గీశాను. ట్రాక్టర్ దొరికేసరికి ఎరుపు గీత దాటింది.

నిజామాబాద్ పెద్ద దవాఖానలో ప్రాణం దక్కింది. పిక్క మీది చర్మం దక్కలేదు.

తర్వాత కుమ్మరి ఇంటికి వెళ్లాను. కాలుతూ ఉబ్బిన కాలు, చలిజ్వరం కనిపిస్తే పూయకముందే నాకు పంపమని అడిగాను. ఆయన సారె ఆపి నా వైపు చూశాడు.

"పంపుత. కడిగి చూస్తవా మరి?"

చూస్తానన్నాను. ఆమె తిరిగొచ్చాక పిక్క మీది పుండు మానేదాకా తండాకు పోయి నేనే కడిగి కట్టు కట్టాను. కట్టిన ప్రతిసారీ, ఆమె అడగకపోయినా, కాలి మీద చేయి కాసేపు ఉంచేవాడిని.