పార్టు బిల్లు

మా తాతగారి కాలంలో పని పూర్తిగా ముగిశాకే కూలి. మధ్యలో అడిగినవాణ్ణి మళ్లీ పిలిచేవారు కాదు. భూములన్నీ పోయి నేను కాంట్రాక్టు పనుల్లోకి దిగేనాటికి ఆళ్లగడ్డ దగ్గర ఒక వరిమడి మిగిలింది. ఇంటి పద్ధతులు మాత్రం ఒక్కటీ పోలేదు.

డెబ్బయ్యో దశకం చివర దొర్నిపాడు దారిలో పంటకాలువ మీద సర్కారు కల్వర్టు పని నాకు దక్కింది. కాలువకు నీళ్లు ఆపిన ఎండాకాలంలోనే కట్టాలి. పెట్టుబడికి అప్పు అడిగితే బ్యాంకువాళ్లు పూచీకత్తు అడిగారు. సంతకం కోసం ఒకరి గడప తొక్కడం నాకు ఇష్టం లేదు. నంద్యాల పత్తి వ్యాపారి మడి కాగితాలు పెట్టుకుని నూటికి మూడు రూపాయల నెల వడ్డీకి అప్పిచ్చాడు. మళ్లీ నీళ్లు వదిలేలోగా తీర్చకపోతే మడి అతనిది. రాయికి, సిమెంటుకు, కూలికి ఆ డబ్బే పెట్టాను.

కోయిలకుంట్ల కాంట్రాక్టరు ఒకాయన పక్క కాలువ మీద అలాంటి కల్వర్టే, నాకన్నా తక్కువ రేటుకు కడుతున్నాడు. ఒకరోజు వచ్చి నా కల్వర్టు గోడ మీద కూర్చుని బీడీ ముట్టించాడు.

“ఎన్ని బిల్లులు ఎత్తినావప్పా?”

“పని ముగియలేదు కదా.”

“ముగిసేదాకా ఎవురు ఆగుతారప్పా? పునాదికొక పార్టు బిల్లు, గోడలకొకటి. ఏందీ, ఒక్కటీ ఎత్తలేదా?”

“సగం పనికి దుడ్లు అడిగేది మా ఇంట్లో లేదు.”

ఆయన పగలబడి నవ్వాడు. “షావుకారి కాడ వడ్డీకి తెచ్చి సర్కారుకు ఊరికే అప్పిస్తాండావే, అది ఉందా మీ ఇంట్లో? చివరి బిల్లు దసరాకు వస్తాదో రాదో. అంతలోపల నీ మడి పోతాది.”

“నీ గోడ నువ్వు చూసుకోపో” అన్నాను. కానీ ఆయన అన్నది నిజం. ఆయన సర్కారు డబ్బుతోనే సర్కారు పని చేస్తున్నాడు. రేటు తక్కువైనా ఆయనకు మిగులుతుంది. నా లాభం నెలనెలా నంద్యాలకు పోతోంది.

మర్నాడు ఇస్త్రీ పంచె కట్టుకుని కాలువల ఆఫీసుకు వెళ్లాను. పార్టు బిల్లు కావాలన్నాను. ఇంజనీరు తలెత్తకుండానే, “ఇన్నాళ్లూ అడగకపోతే నీకు అక్కర లేదేమో అనుకుంటి. రేపు వచ్చి కొలతలు తీస్తా పో” అన్నాడు. అంతకుమించి ఏమీ జరగలేదు.

బిల్లు రాగానే నేరుగా వ్యాపారి అంగడికి వెళ్లాను.

“తొందరేముందన్నా? పని జరుగుతాంది కదా, ఉంచుకో” అన్నాడు. అప్పిచ్చిననాడు అంత మర్యాద చూపలేదు.

“కాగితాలు ఇయ్యి” అన్నాను.

అసలూ వడ్డీ కట్టేసరికి బిల్లంతా అయిపోయింది. స్లాబుకు సిమెంటు, ఇనుము అంగడివాళ్లు అరువిచ్చారు, ధర కాస్త ఎక్కువ వేసుకుని. చివరి బిల్లుతో ఆ అరువు తీరింది. కోయిలకుంట్ల ఆయన ఆ ఏడాది పాత లారీ ఒకటి కొన్నాడు. నాకు లాభమంటూ ఏమీ లేదు. కాలువకు నీళ్లు వదిలిన వారంలో మడి దున్నించి నాట్లు వేయించాను.