పసరు అసోంటి మందు

ఆరేళ్ల పిల్ల ఆపరేషన్‌ను కత్తి పట్టకముందే చెడగొట్టిన ఘనుణ్ణి నేను. నవ్వేవాళ్లు నవ్వండి. ఆ తప్పును ఇంకొకరి నెత్తిన మాత్రం రుద్దనివ్వను.

ఆ పిల్ల, శిరీషది ములుగు దగ్గరి పల్లె. పైత్యనాళానికి ఒకసారి ఆపరేషన్ అయినా అది మళ్లీ పూడుకుపోయి కామెర్లు తిరగబెట్టాయి. రెండోసారి పొట్ట తెరిస్తే లోపల అన్నీ వానకు తడిసిన నోటుబుక్కు కాగితాల్లా అతుక్కుని ఉంటాయి. ఏది నాళమో, ఏది పేగో తెలియదు. అందుకే మా దవాఖానకు కొత్త కెమెరా వచ్చింది. ముందురోజు నరంలోకి రంగుమందు ఎక్కిస్తే అది పైత్యంలో కలిసి, కెమెరాలో నాళం ఆకుపచ్చగా వెలుగుతుంది.

రంగుమందు ఎక్కిస్తూ ఇంతవరకు చెప్పి ఊరుకోవచ్చు. నాకేమో ఉపమానాల జబ్బు. పిల్ల నాయనమ్మ రాజవ్వ అయోమయంగా చూస్తుంటే, "ఏం లేదవ్వా, మీ కామెర్ల పసరు అసోంటిదే" అన్నాను. ఆమె ముఖం కెమెరా లేకుండానే వెలిగింది.

తెల్లారి థియేటర్ బయట మత్తు డాక్టరమ్మ పిల్ల నోరు తెరిపించింది. నాలుక ఆకుపచ్చ! పరగడుపున ఉండాల్సిన పిల్ల మేకపాలలో కలిపిన పసరు గ్లాసెడు తాగింది. మత్తిస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఆపితే, పూడిన నాళంతో జ్వరం అందుకోవచ్చు. ఆపరేషన్ రెండు రోజులు వాయిదా వేశారు.

వార్డంతా రాజవ్వ మీద పడింది. ఆమె తగ్గలేదు.

"సారే అన్నడు పసరు అసోంటిదని. ఆయన పసరు ఆయన ఎక్కించిండు, నా పసరు నేను తాపిన. ఆయనదైతే మందు, నాదైతే తప్పా?"

కాలు జారితే తీసుకోవచ్చు, ఉపమానం జారితే ఆపరేషన్ వాయిదా. ఆమెను తిట్టినవాళ్లందరి ముందే, "తప్పు అవ్వది కాదు, నాది" అన్నాను. డాక్టరన్నవాడు అలా ఒప్పుకోకూడదని పెద్ద డాక్టర్ గారు తర్వాత మందలించారు. ఎన్నిసార్లు అడిగినా అదే చెబుతానన్నాను.

మళ్లీ రంగుమందు ఎక్కించేటప్పుడు ఈసారి ఉపమానం లేకుండా చెప్పి, పిల్ల నోటికి రాజవ్వనే కాపలా పెట్టాను. బుగ్గ నిమరబోతే నా గుప్పిలి కూడా విప్పించి చూసింది.

మూడోనాడు అతుకుల మధ్య నాళం పచ్చగా వెలిగింది. పేగుకు గాటు పడలేదు. పిల్ల కోలుకున్నాక ఆ వీడియో రాజవ్వకు చూపించాను. ఆమె చాలాసేపు చూసి నా భుజం తట్టింది.

"చూసినవా సారూ, నా పసరు ఎట్ల మెరుస్తాందో."

ఇక పసరు తాపొద్దని మాత్రం ఒట్టు అడిగాను. "నువ్వు ఇది అది అసోంటిదని అననంటే, నేను తాపనంట" అంది.

ఇద్దరం ఒట్టు వేసుకున్నాం. ఇకమీదట నా నోరు, ఆపరేషన్ ముందటి కడుపులాగా, ఉపమానాలు లేక ఖాళీగా ఉంటుంది.