డచ్ క్లాసులో మిగిలిన ఇద్దరం

కుళ్ళుని డచ్‌లో ఏమంటారో మా టీచర్ చెప్పకముందే నేను వెతికి పెట్టుకున్నాను. ఆ భాషలో నాకంత అవసరమైన మాట మరొకటి లేదు.

కౌలాలంపూర్‌కి నేను చదవడానికి వచ్చింది బిజినెస్ డిగ్రీ. దాంతోపాటు ఒక విదేశీ భాషా, ఆ దేశపు సంస్కృతీ ఎంచుకోమంటే డచ్ తీసుకున్నాను. జపనీస్, కొరియన్ క్లాసులు కిక్కిరిసి ఉండేవి. ఇక్కడైతే నలుగురిలో కనబడతాననుకున్నాను. విశాఖపట్నంలో చదివినన్నాళ్ళూ ఫస్టు వచ్చిన దాన్ని, ఎవరూ పట్టించుకోకపోతే నాకు అన్నం సయించదు.

ఆ క్లాసుకి నా రూమ్మేట్‌ని లాక్కెళ్ళింది కూడా నేనే. ఆ పిల్లది మలేషియాలోనే తెలుక్ ఇంటాన్ అనే ఊరు. ఎప్పుడో ముత్తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి రబ్బరు తోటల్లో పనికి వచ్చిన కుటుంబం. కౌలాలంపూర్‌లోనే బ్రిక్‌ఫీల్డ్స్ అనే పేటలో ఒక బట్టల కొట్టు పైన ఇద్దరం ఒకే గదిలో ఉండేవాళ్ళం. నాకంటే చిన్నది, అక్కా అని పిలిచేది. తెలుగు చదవడం రాదు గానీ గలగలా మాట్లాడేది, మధ్యలో తమిళం, మలయ్, ఇంగ్లీషు ఏది దొరికితే అది కలిపేసి. సాయంత్రాలు ఊరికే ఫోను చూస్తూ కూచుంటోంది కదా అని నేనే దాని పేరు రాయించాను. చేతులారా చేసుకున్నాను.

నేను వ్యాకరణం బట్టీ పట్టాను. గొంతులోంచి గరగరమని పలకాల్సిన ఆ అక్షరం కోసం, పక్కగదివాళ్ళకి వినబడకుండా బాత్రూంలో కుళాయి తిప్పి మరీ సాధన చేశాను. అది ఇవేవీ చెయ్యలేదు. నోరు తెరిచి మాట్లాడేసింది, అంతే. సగం తప్పులే. టీచర్ నవ్వుతూ సరిదిద్దేది, ఇది మళ్ళీ అందుకునేది. నేను వాక్యాన్ని లోపల కూర్చుకుని, ఒకటికి రెండుసార్లు సరిచూసుకుని, చెప్పబోయేసరికి వాళ్ళిద్దరూ ఇంకో విషయంలోకి వెళ్ళిపోయేవాళ్ళు.

"అన్ని తప్పులు మాట్లాడతావు, సిగ్గనిపించదా?" అని ఒకసారి అడిగేశాను.

"తప్పైతే ఏటక్కా? టీచరుకి అర్థమైపోనాది గదా లా," అంది. మాట చివర ఆ 'లా' తగిలించడం ఇక్కడివాళ్ళ అలవాటు.

అక్కడితో ఆగినా బాగుండేది. మా నానమ్మది శ్రీకాకుళం దగ్గర పల్లెటూరు. ఒకరోజు నేను వీడియో కాల్‌లో మాట్లాడుతుంటే ఇది వెనకనుంచి తల దూర్చి, "ఏటి మామ్మా, బువ్వ తిన్నావేటి?" అంది. నానమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "అచ్చం మాయమ్మ మాటాడినట్టే ఉందే ఈ గుంట," అంది. ఆనాటినుంచీ నేను ఫోన్ చేస్తే రెండు మాటలయ్యాక, ఆ పిల్లకియ్యి అనేది. నేను నానమ్మతో స్కూలు తెలుగు మాట్లాడతానట. నా నానమ్మను కూడా పట్టుకుపోయిందని కడుపు మండిపోయేది.

కోర్సు మూడో దశకి వచ్చేసరికి మిగతావాళ్ళు మానేసి డచ్ క్లాసులో మేమిద్దరమే మిగిలాం. అప్పుడు తెలిసింది, నెదర్లాండ్స్‌లో ఒక సెమిస్టర్ చదువుకోవడానికి మా యూనివర్సిటీ నుంచి ఒకరిని పంపుతారని. ఒకే ఒక్క సీటు. అది దొరికితే అక్కడే పైచదువుకి దారి పడుతుంది. దొరక్కపోతే డిగ్రీ అవగానే ఇంటికి పోవడం, నాన్న చూసిపెట్టిన బ్యాంకు కోచింగ్‌లో చేరడం. నాకు ఆ సీటు కావాలి. నిద్రలో లేపి అడిగినా కావాలంటాను.

టీచర్ మా ఇద్దర్నీ కాఫీకి పిలిచింది. డచ్ మనిషి, ఇక్కడ చాలా ఏళ్ళుగా ఉంటోంది, కానీ ఇంట్లో పద్ధతులు మాత్రం అక్కడివే. బిస్కెట్ల డబ్బా మూత తీసి చెరొకటి ఇచ్చి మళ్ళీ మూత పెట్టేసింది. వాళ్ళ టాయిలెట్‌లో గోడకి ఒక క్యాలెండర్ ఉంది. తెలిసినవాళ్ళ పుట్టినరోజులు అక్కడ రాసిపెట్టుకోవడం వాళ్ళ ఆనవాయితీ అని క్లాసులో విన్నదే. వెతికాను. రూమ్మేట్ పేరుంది. నా పేరు లేదు. నా పుట్టినరోజు ఎప్పుడో నేను ఆవిడకి ఎన్నడూ చెప్పలేదు నిజమే, కానీ చెప్పించుకోవాలని ఆవిడకి ఉండొద్దా? ఒళ్ళంతా మంటతో బయటికొచ్చి కూచున్నాను.

"ఇద్దరూ బాగా చదువుతారు. సీటు ఒకటే. ఎవరికి కావాలో మీరే చెప్పండి," అంది టీచర్ నావైపు తిరిగి.

"ఎవరు వెళ్ళినా నాకు సంతోషమేనండీ. మీ ఇష్టం," అన్నాను.

మా ఇళ్ళల్లో ఆ మాటకి అర్థం వేరు. వడ్డించేవాళ్ళు ఒకసారి అడిగితే చాలంటాం, రెండోసారి అంటే పర్లేదంటాం, మూడోసారికి విస్తరి ముందుకి జరుపుతాం. ఆవిడ ఇంకోసారి అడుగుతుందని తలవంచుకుని ఎదురుచూశాను. ఆవిడ థాంక్స్ చెప్పి అటు తిరిగింది.

"నాకు కావాలి టీచర్. చాలా కావాలి," అంది మా పిల్ల, తప్పుల డచ్‌లోనే.

సరే అంది ఆవిడ. నా కాఫీ ఇంకా చల్లారలేదు.

ఆ తర్వాత నేను గదిలో మాట్లాడటం మానేశాను. అడిగితే ఊఁ, లేకపోతే లేదు. ఒక సాయంత్రం అది నాసి లెమాక్ రెండు పొట్లాలు తెచ్చింది. కొబ్బరిపాల అన్నం, ఎండు చేపల కారం, నాకిష్టం. చెరోవైపు కింద కూచున్నాం.

"నువ్వలా మొకం మాడ్సుకుని తిరిగితే నాకు ముద్ద దిగట్లేదక్కా," అంది. "ఆ సీటు నీకు కావాలంటే సెప్పు. టీచర్‌తో నేను మాటాడతాను. నువ్వే ఎల్లు."

ఛ, అవేం మాటలే, నువ్వే వెళ్ళు అనాలి. నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"కావాలి," అన్నాను.

దాని చెయ్యి అన్నంలోనే ఆగిపోయింది. పాపం, నేను వద్దంటానని చూస్తోంది. ఎంత మలేషియాలో పుట్టినా తెలుగింటి పిల్లే కదా.

"నాకూ కావాలక్కా," అంది. "నువ్వు వొద్దంటావనుకున్నాను."

"మరెందుకు అడిగావు?"

"అడగాల గదా."

ఇక దాచడానికి ఏముంది? "నువ్వంటే నాకు కుళ్ళు," అన్నాను. "క్లాసులో, టీచర్ దగ్గర, మా నానమ్మ దగ్గర కూడా."

"తెలుసు," అంది. కోపంగా అనలేదు. ఇద్దరం మిగిలిన అన్నం తినేశాం. సీటు గురించి మళ్ళీ అది అడగలేదు, నేనూ ఎత్తలేదు.

అది వెళ్ళే రోజున కేఎల్ సెంట్రల్ స్టేషన్ దాకా దాని పెద్ద పెట్టె నేనే లాక్కొచ్చాను. కావాలనే మెల్లగా నడిచాను, ఎయిర్‌పోర్టు రైలు తప్పిపోతే బాగుండునని. తప్పలేదు. ప్లాట్‌ఫాం మీద నాకు ఏడుపు ఆగలేదు.

"ఏడవకక్కా. బేగి వచ్చేస్తాను లా," అంటూ వీపు నిమిరింది.

"నువ్వు వెళ్తున్నావని కాదు," అన్నాను. "నేను వెళ్ళట్లేదని."

అది తలూపి, నా చేతిలోంచి పెట్టె తీసుకుని రైలెక్కింది.