బెలూన్ పంపు తీయనివ్వని అన్న

2001లో నేను బెంగళూరులోని ఒక గుండె ఆసుపత్రి ఐసీయూలో సీనియర్ నర్సుని. నగర్తపేటలో ఇత్తడి సామాన్ల అంగడి ఉన్న సుబ్బరాయప్పను పెద్ద గుండెపోటుతో తీసుకొచ్చారు. బెలూన్ పంపు పెట్టాం. గజ్జల్లోని రక్తనాళం గుండా పైకి పంపిన సన్నని బెలూన్, గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఉబ్బి ముడుచుకుంటూ దాని భారం కొంత మోస్తుంది.

గుండె తేరుకున్నాక ఆ సాయం మెల్లగా తగ్గించాలి. రెండుసార్లు కొట్టుకుంటే ఒకసారి, తర్వాత మూడింటికి ఒకసారి. దీన్నే వీనింగ్ అంటాం.

అసలు చిక్కు ఆయన అన్న వెంకటప్పతో వచ్చింది. తలుపు దగ్గర నిలబడి మిషన్ చప్పుడే వింటూ ఉండేవాడు. నేను తగ్గించగానే లోపలికొచ్చేవాడు.

"ఏం సిస్టరమ్మా, చప్పుడు తగ్గుండాది. నిలిపేస్తా ఉండారా?"

"లేదయ్యా. ఆయన గుండె సొంతంగా ఎంత పని చేస్తుందో చూస్తున్నాం. బీపీ బాగుంది."

"మీకేమి, బాగుందనే అంటారు. నాకుండేది ఒక్క తమ్ముడు."

నన్ను వదిలి డ్యూటీ డాక్టరు వెంట పడేవాడు. ఆయన పోరు పడలేక డాక్టరు "సిస్టర్, మళ్లీ ఫుల్‌లో పెట్టేయండి" అనేవాడు. మూడుసార్లు ఇదే తంతు. బెలూన్ గొట్టం కాలికి పోయే రక్తానికి అడ్డమని, అది ఉన్నంతసేపూ ఆ కాలికి ముప్పేనని చెబితే ఇద్దరికీ పట్టలేదు. ఓర్పు ఇమ్మని ప్రభువును అడిగాను. అడిగినంత ఇవ్వలేదు.

మర్నాడు పొద్దున సుబ్బరాయప్ప పాదం చల్లబడింది, నాడి అందలేదు. సర్జన్ వచ్చి పంపు వెంటనే తీయాలన్నాడు. వెంకటప్ప మంచానికి అడ్డం నిలబడ్డాడు. తమ్ముడే నోరు విప్పాడు.

"అంగడిలో నన్ను తక్కెడ ముట్టనీవు. నా గుండెనన్నా నన్ను చూసుకోనీప్పా."

వెంకటప్ప పక్కకు జరిగాడు. పంపు తీశారు. గుండె నిలదొక్కుకుంది. పాదంలో మాత్రం తిమ్మిరి ఉండిపోయింది. డిశ్చార్జి రోజు తమ్ముడు కాలీడుస్తూ నడుస్తుంటే వెంకటప్ప నాతో అన్నాడు: "ఇంకో రెండు దినాలు మిషన్ పెట్టుంటే కాలు కూడా బాగయ్యుండు."



బైబిల్లో, కరువు కాలంలో వాగు పక్కన ప్రవక్తను కాకులచేత పోషించిన దేవుడే ఆ వాగును ఎండనిచ్చి, లేచి వెళ్లమన్నాడు. ఆ వెళ్లమనడం కూడా పోషణే. అప్పటినుంచి పంపు పెట్టే రోజే ఇంటివాళ్లను కూర్చోబెట్టి, ఇది తీసెయ్యడానికే పెడుతున్నామని చెబుతున్నాను. ఇప్పుడే ఆ మాటెందుకని నా మీద విసుక్కుంటారు. విసుక్కోనీ.