దూదక్క దాచిన చిప్పలు

కంటి ఆసుపత్రిలో పనిముట్లు కడిగే ఆవిడను అందరూ దూదక్క అంటారు. రెప్పకు ఆపరేషన్ చేసేటప్పుడు కత్తి కంటికి తగలకుండా రెప్ప కింద ఒక స్టీలు చిప్ప దూరుస్తారు. బొటనవేలి గోరుకంటే కాస్త పెద్దది, అంతే. కడిగాక, ఎక్కడైనా గరుకు తేలిందేమో చూడ్డానికి, దూదక్క దాని అంచు చుట్టూ దూది లాగుతుంది. ఒక్క పోగు పట్టుకున్నా, పైన ఒక్క గీత పడినా దాన్ని పాత డబ్బాలో పడేస్తుంది. గీత పడిందంటే డాక్టర్లకు మూడినట్టే.

"కళ్లు కోస్తున్నారా, కూరగాయలు తరుగుతున్నారా బాబూ?" అని ఇరవై రెండేళ్లుగా దులిపేస్తూనే ఉంది.

మొన్న ఆవిడ రెప్పమీదే గడ్డ లేచి, ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. తాను దూది లాగిన చిప్పే తన కంట్లోకి జారింది. తిమ్మిరి చుక్కలు వేశారేమో, అది ఉన్నట్టే తెలియలేదు. ఉన్నట్టుండి టిక్కుమని చిన్న చప్పుడైంది.

"ఉలిక్కిపడ్డావు దూదక్కా. ఏం కాలేదులే, ఇక కదలకు," అంది డాక్టరమ్మ.

అయిపోయాక, ఎవరు వద్దన్నా వినకుండా, ఒక కంటికి కట్టుతోనే వెళ్లి ఆ చిప్పను తానే కడిగింది. సరిగ్గా నల్లగుడ్డు మీద ఉండే చోట, వెంట్రుకంత గీత.

పాత డబ్బా బోర్లించింది. గీతలు పడ్డ చిప్పలన్నీ ఒక్కొక్కటే వెలుతురుకు ఎత్తి చూసింది. ఎవరెవరివో కళ్లు. ఈ పూట ఎక్కడెక్కడో, ఏవేవో చూస్తూనే ఉండి ఉంటాయి.