పోయిన జట్లనూ పిలిచే మామ

మొన్న గురువారం పొద్దున కువైట్‌లోని ఫహాహీల్‌లో మా అంపైర్ మామ పోయారు. నిద్రలోనే గుండె ఆగిందట. ఫోన్ చేసిన ఆయన రూమ్మేటు "మామ ఇంక ల్యాడు సార్" అని పెట్టేశాడు. మర్నాడే మా క్రికెట్ సీజన్ మొదలు. ఏడుపు కన్నా ముందు నాకు కోపం వచ్చింది, ఒక్క రోజు ఆగలేకపోయారా మామా అని.

ఆయన నాకు చుట్టం కాదు. ఆయనది రాయచోటి, లారీ డ్రైవరు. నాది విజయవాడ, ఇంజనీరును. శుక్రవారం తెల్లవారగానే ఊరి చివర ఇసుక నేల మీద కలుసుకునేవాళ్ళం. కువైట్ తెలుగువాళ్ళ లీగులో మాది సౌత్ డివిజన్, నాలుగు జట్లు. దాని చరిత్ర చెప్పడం కష్టం. ఇక్కడ కాంట్రాక్టు ఉన్నన్నాళ్ళే జట్టు. పని అయిపోతే సగం మంది ఊరికి, మిగతా సగం పక్క జట్టుకి. మా జట్టే చూడండి. చొక్కాలు కుట్టించిన హోటల్ మూతపడితే కార్గో పేరుతో ఆడాం, అదీ పోతే మిఠాయి కొట్టు పేరుతో. "చొక్కాలు మారినాయి గానీ క్యాచ్‌లు ఇడిసిపెట్టే చేతులు అవే కదప్పా" అనేవారు మామ. నిజమే మరి.

ఔటిచ్చేటప్పుడు కూడా వేలెత్తే ముందు బ్యాట్స్‌మన్‌ను బతిమాలేవారు: "ఏమనుకోవద్దు నాయనా, ఔటే."

సీజన్ తొలిరోజు టాస్‌కి ముందు పిచ్ మధ్యలో నిలబడి, ఈ డివిజన్‌లో ఆడిన ప్రతి జట్టునూ వరసగా పిలవడం ఆయన పెట్టిన ఆనవాయితీ. ఉన్నవాటినే కాదు, పోయినవాటినీ. ఒకప్పుడు ఆ జట్టుకు ఆడినవాళ్ళు మైదానంలో ఎక్కడున్నా "ఉన్నాం" అనాలి. అన్నిటికన్నా ముందు అమ్ఘరా డ్రైవర్ల జట్టును పిలిచేవారు. ఆయన వయసులో ఉన్నప్పుడు ఆడిన జట్టది. మిగతావాళ్ళంతా ఎప్పుడో ఊళ్ళకు వెళ్ళిపోయారు. అందుకని పిలిచేదీ ఆయనే, "ఉన్నాం" అని పలికేదీ ఆయనే.

మాకు నవ్వొచ్చేది. ఒకసారి "ఎండెక్కుతోంది మామా, ఇక ఖలాస్ చెయ్యండి" అన్నాను. ఆయన నా వైపు జాలిగా చూశారు. "పని పోతే ఈడ ఉండనిచ్చే ఇఖామా పోతాది అబ్బీ. పేరు గూడా పోవాల్నా?"

ఈ ఏడాది లీగు కమిటీ మా డివిజన్‌ను సిటీ డివిజన్‌లో కలిపేద్దామంది. మా జట్లకు నిలకడ లేదట. కలిపితే ముందు రాలిపోయేది వఫ్రా జట్టే. వాళ్ళు ఊరికి దూరంగా తోటల్లో పనిచేసేవాళ్ళు, అక్కణ్ణుంచి బస్సులు అరుదు. మామే ఎవరిదో వ్యాన్ అడిగి తెచ్చి వాళ్ళను మైదానానికి తీసుకొచ్చి, మళ్ళీ దించి వచ్చేవారు. ఆయన కమిటీతో పోట్లాడి ఒక మాట తీసుకున్నారు: తొలి శుక్రవారం నాలుగు జట్లూ కనబడితే డివిజన్ ఉంటుంది.

గురువారం సాయంత్రం ఖననం అయ్యాక వఫ్రా కెప్టెన్ ఫోన్ చేశాడు. "మామ ల్యాకుండా మేమెట్ల వచ్చేది సార్? మీరు ఆడుకోండి."

"మీరు రాకపోతే మేమూ లేనట్టే. తయారై ఉండండి" అన్నాను.

తెల్లవారుజామునే మిగతా మూడు జట్ల కార్లూ వఫ్రా దారి పట్టాయి. ఎదుటి జట్టును గదికి వెళ్ళి మరీ పిలుచుకొచ్చే లీగు ఇంకెక్కడైనా ఉందేమో నాకు తెలియదు. మామ చూసి ఉంటే ఎంత సంబరపడేవారో!

నాలుగు జట్లూ వరసలో నిలబడ్డాయి. కమిటీ మనిషి అందరినీ ఒకసారి చూసి, "సరే, మీ డివిజన్ మీదే. యల్లా, టాస్ వేద్దాం" అన్నాడు.

"ఆగండి, పిలుపు కాలేదు" అన్నాను.

ఆ వరస మాలో ఎవరికీ పూర్తిగా రాదు. తలా ఒక పేరు అందుకున్నాం. హోటల్ జట్టు, కార్గో జట్టు, ఆస్పత్రి జట్టు... అక్కడక్కడా "ఉన్నాం" అని గొంతులు లేచాయి. చివరికి మొదటి పేరే మిగిలిపోయింది.

"అమ్ఘరా డ్రైవర్లు!" అని పిలిచాను.

ఎవరూ పలకలేదు. అలవాటు కొద్దీ అందరం పిచ్ మధ్యకే చూశాం. అక్కడ ఎవరూ లేరు.

వఫ్రా కెప్టెన్ ఆ జట్టును ఎన్నడూ చూసినవాడు కాదు. అతని చెప్పులకు అంటిన తోట మట్టి ఇంకా ఆరలేదు. అతను చెయ్యెత్తి, గొంతు సవరించుకుని, ఆ ఖాళీ వైపే చూస్తూ అన్నాడు:

"ఉన్నాం మామా."